పనికి వెళ్ళిన పిల్లలకు జ్వరం సర్టిఫికెట్ ఎందుకు?

సెమిస్టరు పరీక్షలు దగ్గర పడగానే మా కాలేజీ నోటీసు బోర్డు మీద హాజరు జాబితా అతికిస్తారు. 75 శాతం దాటినవాళ్ళకు హాల్‌టికెట్ వస్తుంది. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, హాజరు లోటును మన్నించడానికి తీసుకునే కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసుకోవచ్చు. అంతకంటే తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఇది మా ఒక్క కాలేజీ కట్టడి కాదు, జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఇదే పద్ధతి. ఆ వారమంతా స్టాఫ్‌రూం ముందు పిల్లలు కాగితాలు పట్టుకుని నిలబడతారు. టైఫాయిడ్, వైరల్ ఫీవర్, కామెర్లు. వాటిలో చాలా కాగితాల వెనక జబ్బేమీ లేదని తీసుకునే మాకు తెలుసు, రాసిచ్చిన డాక్టరుకు తెలుసు. వెనక ఉన్నది పని. ఒకడు కొంపల్లి ఫంక్షన్ హాళ్ళలో వడ్డిస్తాడు. ఒకడు రాత్రి పదకొండు దాకా బండి మీద బిర్యానీ ప్యాకెట్లు చేరవేస్తాడు. ఒకమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులో సాయంత్రాలు కౌంటర్ దగ్గర నిలబడుతుంది. దసరా ముందు వారాల్లో పొద్దున్నే రమ్మంటారు, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు.

జబ్బు చేసినవాడికి మన నిబంధనల్లో మన్నింపు ఉంది. పని చేసినవాడికి లేదు. అందుకని పనిని జబ్బుగా రాయించుకుని తెమ్మంటున్నాం. పైగా చేతిలో డబ్బు లేక పనికి పోయిన పిల్లవాడి దగ్గరే, పనికి పోయినందుకు రుసుము వసూలు చేస్తున్నాం. నేను కామర్స్ చెబుతాను. ఖాతా పుస్తకం నిజం చెప్పాలన్నది మా తొలి పాఠం. అదే పాఠం చెప్పే కాలేజీ ఏటా రెండుసార్లు పిల్లల చేత లేని జ్వరాన్ని కాగితం మీద పెట్టించుకుంటుంది.

నేను అడిగేది ఒక్కటే. చదువుకుంటూ పని చేసే విద్యార్థి ఉన్నాడని విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి. ఒప్పుకుని, ఆ పనికి గంటల హద్దు, వీలైనంతవరకు ప్రాంగణంలోనే చోటు, టైంటేబుల్లో వెసులుబాటు తనే చూడాలి. ఇప్పటిదాకా మనం ఆ పనిని తప్పు అన్నాం, లేదంటే గొప్ప అన్నాం. రెండు మాటలూ ఆ పిల్లలకు అక్కరకు రాలేదు.

క్యాటరింగ్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది నాకు లోపలినుంచి తెలుసు. ఉస్మానియాలో ఎం.కాం. చదివిన రోజుల్లో నేనూ వడ్డనకు పిల్లలను తీసుకెళ్ళే ఆ వ్యాన్ ఎక్కాను. అప్పటికీ ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. మధ్యాహ్నం క్లాసు వదిలేస్తేనే మూడింటికల్లా వ్యాన్ ఆగే చోటికి చేరగలం. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు మనమే తెచ్చుకోవాలి. స్టార్టర్ల ట్రే ఎవరికి, బిర్యానీ కౌంటర్ ఎవరికి, నీళ్ళ సీసాలు ఎవరికి అన్నది పిల్లలను పోగుచేసి తెచ్చినవాడు తేలుస్తాడు. వాడి వాటా పోగా మిగిలిందే మనది. పెళ్ళివారందరూ తిని వెళ్ళాక, గిన్నెలు లెక్కపెట్టాక, మన తిండి. ఒంటిగంటకు నాగోల్ దాకానో తార్నాక దాకానో దింపుతారు. అక్కణ్నుంచి నడక. పొద్దున తొమ్మిదిన్నర క్లాసులో ఆ పిల్లవాడు వెనక బెంచీలో తల వాల్చుకుని కనిపిస్తే, బద్ధకమని అనేవాళ్ళకు ఆ నడక తెలియదు.

"నిన్న మ్యారేజ్ ఉండె సార్, శంషాబాద్ దగ్గర. రూముకొచ్చేసరికి రెండున్నరైంది" అని ఒక విద్యార్థి నాతో ఈ మధ్యనే అన్నాడు. వాడికి నేను ఏమని చెప్పాలి? రాత్రుళ్ళు త్వరగా పడుకోమనా?

ఈ పనిలో ఒక చిక్కుంది. బయటివాళ్ళ దృష్టికి అది రాదు. పని రోజులను నిర్ణయించేది పంచాంగం. కార్తీకం, మార్గశిరం ముహూర్తాలు సరిగ్గా మొదటి, మూడో, అయిదో సెమిస్టరు పరీక్షల ముందు పడతాయి. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు రెండో, నాలుగో, ఆరో సెమిస్టరు పరీక్షల మీద పడతాయి. ఆషాఢంలో, పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు, మూఢం వస్తే వారాల తరబడి పని ఉండదు. అంటే చదవాల్సిన రోజుల్లోనే సంపాదన, తీరిక దొరికిన రోజుల్లో ఖాళీ జేబు. మూఢం వస్తుందని తెలిసినవాడు, దానికి ముందున్న ప్రతి ముహూర్తానికీ వెళ్ళి తీరతాడు. ఒక నెలలో మూడు వారాలు క్లాసుకు రాకుండా, తర్వాత నెలంతా క్రమం తప్పకుండా వచ్చే పిల్లల హాజరు చూస్తే ఇదంతా అందులోనే కనిపిస్తుంది. చూసేవాళ్ళు లేరు.

బండి మీద డెలివరీ పని వచ్చాక పరిస్థితి మెరుగుపడిందని చాలామంది అనుకున్నారు. కావలసినప్పుడు లాగిన్ కావచ్చు, వద్దనుకుంటే ఆపేయవచ్చు. విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి అని. కానీ డబ్బు ఎలా లెక్కిస్తారో చూడండి. ఒక్కో ఆర్డరుకు వచ్చేది తక్కువ. అసలు ఆదాయం ఇన్సెంటివ్‌లో ఉంటుంది. ఇన్ని ఆర్డర్లు పూర్తి చేస్తేనే ఆ అదనపు మొత్తం వస్తుంది, ఒక్కటి తగ్గినా రాదు. మూడు గంటలు చేద్దామని బయల్దేరిన పిల్లవాడు, గీతకు రెండు ఆర్డర్లు దూరంలో ఉండగా రాత్రి పదికి ఇంటికి ఎలా వెళ్తాడు? గంటలు తన చేతిలోనే ఉన్నాయని వాడు అనుకుంటాడు, కానీ కొంచెం కొంచెంగా అవి చేజారిపోతాయి. పెట్రోలు తనది, బండి కిస్తీ తనది, వానలో జారిపడితే ఆసుపత్రి ఖర్చూ తనదే. కొత్త సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది, ఇలా పనికి ఇంత అని చేసే గిగ్ కార్మికులన్న మాట దానితోనే మొదటిసారి కేంద్ర చట్టంలో చేరింది. మంచిదే. కానీ అందులో కార్మికుడున్నాడు. పగలు విద్యార్థిగా, రాత్రి కార్మికుడిగా ఉండేవాడి చదువు గురించి ఆలోచించడం ఆ చట్టం పని కాదు, అది విశ్వవిద్యాలయం పని.

ఇక అమ్మాయిలు. వాళ్ళ గురించి మనం మాట్లాడేదే తక్కువ. హాస్టల్ గేటు చీకటి పడేలోపు మూసేస్తారు. వడ్డనకు పోలేరు, డెలివరీకి పోలేరు. బట్టల షాపులో నాలుగు గంటలు నిలబడి వస్తే బస్సు దొరకదు. మిగిలింది పిల్లలకు ట్యూషన్లు, చీరలకు ఫాల్స్ కుట్టడం, పెళ్ళిళ్ళ సీజన్లో మెహందీ, ఫోన్ మీద చేసే టెలీకాలింగ్. మా క్లాసులో ఇంటర్నల్స్ ముందు రాత్రి కూడా ఫాల్స్ కుట్టే అమ్మాయి ఉంది, చీరకు ఇంత అని ఇస్తారు. అమ్మాయిల అవసరం అబ్బాయిల అవసరం కంటే తక్కువేమీ కాదు, వాళ్ళకు అందే పని మాత్రం తక్కువ, దానికి వచ్చే డబ్బు ఇంకా తక్కువ. ప్రాంగణంలోనే పని ఉండాలని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం వాళ్ళే.

పేద పిల్లవాడి చదువుకు ఎవరు తిండి పెట్టాలన్నది మన దగ్గర పాత ప్రశ్న. ఒకప్పుడు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆ ఏర్పాటు దాదాపుగా ఒక్క కులం పిల్లలకే అందింది, మిగతావాళ్ళకు ఆ గడప ఎక్కే వీలే లేదు. ప్రకాశం పంతులు తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించింది. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. తర్వాత ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి, దళిత, బహుజన పిల్లలు విశ్వవిద్యాలయం దాకా రాగలిగింది వాటివల్లనే. నా తరం మొత్తం ఆ అన్నం తిన్నది. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో ఇంటర్ నుంచి పీజీ వరకు చదివే హాస్టల్ విద్యార్థి మెస్ ఛార్జీని నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. పెంచినందుకు సంతోషమే. అయినా అది రోజుకు 70 రూపాయలు. అందులో మూడు పూటలు. పుస్తకం, బస్ పాస్, ఫోన్ రీచార్జ్, చెప్పులు, ఊరికి పోయి వచ్చే ఛార్జీ ఆ 70లో లేవు. అవి ఎక్కణ్నుంచి వస్తాయని మనం అడగలేదు కనుకనే పిల్లలు వ్యాన్ ఎక్కారు.

దీనికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఆ పథకం లేకపోతే మా విద్యార్థుల్లో చాలామంది ఇంటర్‌తో ఆగిపోయేవారు. కానీ డబ్బు ఏళ్ళ తరబడి రాకపోతే ఏమవుతుంది? 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు బకాయిల కోసం కొన్ని రోజులు మూతబడ్డాయి. అది పేపర్లో వచ్చింది. పేపర్లో రానిది, కోర్సు పూర్తయిన పిల్లవాడికి "గవర్నమెంటు ఇచ్చాక తీసుకో" అని మెమోలు, టీసీ ఆపేయడం. ఉద్యోగం వచ్చి చేరాల్సిన పిల్లవాడు, ప్రభుత్వం కట్టాల్సిన ఫీజును తనే కట్టి సర్టిఫికెట్లు విడిపించుకోవాలి. అమ్మ మెడలోది తాకట్టు పెట్టడమో, రెండు నెలలు రాత్రింబవళ్ళు పని చేయడమో. ఇలా సంపాదించే డబ్బును పాకెట్ మనీ అని పిలవడం నాకు భరించరానిదిగా ఉంటుంది.

అందుకే వామపక్ష విద్యార్థి సంఘాల మిత్రులు "సంపాదిస్తూ చదువు అన్న నినాదం ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికే" అంటే నేను కొట్టిపారేయను. వాళ్ళ భయంలో నిజముంది. పని ఇచ్చాం కదా, ఇక స్కాలర్‌షిప్ ఎందుకు అని రేపు ఏ అధికారి అయినా అనగలడు. కాబట్టి ముందే గీత గీసుకోవాలి. ఫీజుకు, తిండికి, హాస్టల్‌కు విద్యార్థి పని చేయాల్సి రాకూడదు. అవి ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత, సకాలంలో ఇవ్వడం అందులో భాగం. ఆ పైన తన చేతి ఖర్చుకు, తన అనుభవానికి, ఇంటికి కొంత పంపుకోవడానికి పని చేయాలనుకునే విద్యార్థికి ఆ హక్కు ఉండాలి. స్కాలర్‌షిప్ వచ్చేదాకా పని మాట ఎత్తొద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ఈ రోజు సాయంత్రం వ్యాన్ వస్తుంది, పిల్లలు ఎక్కుతారు. వాళ్ళకు ఈ రోజు కావలసినది ఈ రోజే ఆలోచించాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే మాట, "కష్టపడి పైకొచ్చినవాళ్ళంతా ఇలా వచ్చినవాళ్ళే" అన్నది. 2023లో అనంతపురం జిల్లాలో ఒక మహిళ కూలి పనికి వెళ్తూనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ అందుకుంది. పట్టా తీసుకునే వేదిక మీది ఆ ఫొటో చూసి నా కళ్ళు చెమర్చాయి. రాష్ట్రమంతా ఆమెను మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. కానీ రసాయన శాస్త్రంలో పరిశోధన చేసే మనిషి పొలం కూలికి ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందని గట్టిగా అడిగిన సంపాదకీయం నాకు కనబడలేదు. ల్యాబుల్లో, మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో ఆమె చేతులకు తగిన పని ఉంటుంది. గెలిచిన ఒక్కరి కథ చెప్పుకునేటప్పుడు, అదే దారిలో సగంలో ఆగిపోయినవాళ్ళు మన లెక్కలోకి రారు. నా బ్యాచ్‌లో వ్యాన్ ఎక్కినవాళ్ళలో నేను చదువు పూర్తి చేశాను. నాకంటే అకౌంటెన్సీ బాగా తెలిసిన మిత్రుడు రెండో ఏడాది హాజరు చాలక ఆగిపోయాడు, మళ్ళీ రాలేదు. అతను నాకంటే తక్కువ కష్టపడ్డాడని ఎవరూ అనలేరు.

మన ఇళ్ళల్లో ఇంకో వింత చూస్తాను. అమెరికాలో ఎం.ఎస్. చదివే కొడుకు యూనివర్సిటీ డైనింగ్ హాల్లో ప్లేట్లు కడుగుతున్నాడని తల్లి ఇంటికొచ్చినవాళ్ళకు చెబుతుంది, మాటలో కించ ఉండదు. అదే ఇంట్లో చిన్నవాడు కూకట్‌పల్లి హోటల్లో సాయంత్రం పని చేస్తానంటే "మన పరువేం కావాలి" అంటారు. దూరం వల్ల పరువు మారిపోతుందా? కాదు. అక్కడ ఆ పనికి ఒక పద్ధతి ఉంది, పద్ధతి గౌరవాన్ని తెచ్చింది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి చదువు సాగే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. గంటకు ఇంత అని వేతనం, జీతం చీటీ, తరగతి వేళలు చూసి వేసే షిఫ్టు. అక్కడి పేద విద్యార్థుల కోసం 1964లోనే చట్టం చేసి, కేంద్ర ప్రభుత్వ నిధులతో కాలేజీల్లో పని ఇచ్చే పథకం పెట్టారు. మన పిల్లలకు అది వర్తించదు గానీ, చదివే మనిషి పని చేస్తాడని ఆ వ్యవస్థ ఒప్పుకుంది.

అయితే ఆ 20 గంటల హద్దు ఉన్నంత మాత్రాన అక్కడ మన పిల్లల కష్టం తీరలేదు. ప్రాంగణంలో దొరికే పనులు కొన్నే, తరగతి నిండా అప్పు చేసి వచ్చినవాళ్ళే. లైబ్రరీలో చోటు దొరకనివాడు పెట్రోల్ బంకులో, కిరాణా కొట్టులో, ఇండియన్ రెస్టారెంటులో లెక్కలకెక్కని నగదు కోసం పని చేస్తాడు. యజమాని డబ్బు ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేడు, ఎందుకంటే ముందు పోయేది తన వీసా. రాత్రి షిఫ్టుల్లో కాల్పులకు బలైన మన పిల్లల వార్తలు ఈ కొన్నేళ్ళలో ఎన్ని చదివాం! 2025 మొదట్లో ట్రంప్ మళ్ళీ అధికారంలోకి రాగానే చాలామంది భయంతో ఆ పనులు మానేశారు, అద్దె ఎలా కట్టాలని ఇళ్ళకు ఫోన్లు చేశారు. నేను అమెరికా నుంచి తెచ్చుకోవాలంటున్నది గంటల హద్దు, ప్రాంగణంలో పని. దానితోపాటు చాలినన్ని చోట్లు ఉండాలి. చోట్లు లేకుండా హద్దు ఒక్కటే పెడితే పిల్లలు చీకటి పనుల్లోకే పోతారని అక్కడి మన పిల్లల అనుభవమే చెబుతోంది.

మన దేశంలో ఇది జరగని పని కాదు. మహారాష్ట్రలో కర్మవీర్ భావురావు పాటిల్ 1919లో రయత్ శిక్షణ సంస్థ పెట్టి, సంపాదిస్తూ చదువుకోవడాన్నే దాని పునాదిగా చేశాడు. ఆయన పేరుతో పుణె విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ పథకం నడుస్తోంది, విద్యార్థులు ప్రాంగణంలో గంటల లెక్కన పని చేస్తారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వైస్ చాన్సలర్ ఇంటర్న్‌షిప్ పథకం కింద వారానికి 8 నుంచి 10 గంటలు సొంత విభాగాల్లోనే పని ఇచ్చి స్టైపెండ్ ఇస్తున్నారు. దేశంలోని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ కూడా కొన్నేళ్ళ కిందట ముసాయిదా రాసింది. తరగతి వేళల బయట, వారానికి 20 గంటలు, నెలకు 20 రోజులు మించకుండా, గంటల లెక్కన వేతనం అని. లైబ్రరీ, ల్యాబు, కంప్యూటర్ సెంటర్, డేటా ఎంట్రీ వంటి పనుల జాబితా కూడా అందులో ఉంది. ఆ కాగితం మా కాలేజీ దాకా వచ్చి అమలైన జాడ లేదు.

టైంటేబుల్ సంగతీ అంతే. కలకత్తాలో ఒకే భవనంలో పొద్దున ఒక కాలేజీ, పగలు ఒకటి, సాయంత్రం ఒకటి నడుస్తాయి. ముంబైలో కామర్స్ క్లాసులు పొద్దున ఏడింటికే మొదలవుతాయి, మధ్యాహ్నానికి పిల్లలు పనికి వెళ్తారు. హైదరాబాదులోనూ సాయంకాలం కాలేజీలు బాగా నడిచిన కాలముంది. ఆఫీసుల్లో గుమాస్తాగా చేస్తూ వాటిలో బి.ఏ., బి.కాం. చేసినవాళ్ళు మా సీనియర్లలో ఎంతమందో. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే వచ్చింది, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసేవాళ్ళకు చదువు ఎలా అందించాలో దేశానికి ముందు ఆలోచించి చూపిన చోట, పగటి కాలేజీలో చేరిన పిల్లవాడికి మాత్రం ఒక్క గంట వెసులుబాటు ఇవ్వలేకపోతున్నాం.

పని ఎక్కడుందని అడుగుతారు. మా కాలేజీ లైబ్రరీ నాలుగున్నరకు మూసేస్తారు, సిబ్బంది లేరని. పుస్తకాలు ఇంకా పూర్తిగా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అడ్మిషన్ల సీజన్లో డిగ్రీ సీట్ల కోసం దరఖాస్తు చేసే దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టుకోవడం తెలియని పల్లెటూరి పిల్లలు బయట నెట్ సెంటర్లలో డబ్బు పోసి తప్పులు పెట్టించుకుంటున్నారు. హెల్ప్ డెస్క్‌లో కూర్చోవడానికి నిరుడు అదే పని దాటి వచ్చిన మా రెండో ఏడాది విద్యార్థి కంటే తగినవాళ్ళెవరు? కోఠిలో చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనాన్ని చూడ్డానికి జనం వస్తారు. దాని కథ చెప్పడానికి అక్కడ చరిత్ర చదివే అమ్మాయిలే ఉన్నారు, గేటు దాటాల్సిన పని కూడా లేదు. వెనకబడిన జూనియర్లకు ఇంగ్లీషు, అకౌంట్స్ సాయం చేసే సీనియర్‌కు గంటకు ఇంత అని ఇస్తే ఇద్దరి చదువూ బాగుపడుతుంది. డబ్బు ఎక్కణ్నుంచి అంటే, ప్రతి సెమిస్టరూ వసూలయ్యే కండోనేషన్ ఫీజుతో మొదలుపెట్టమంటాను. పని చేసినందుకు పిల్లల దగ్గర తీసుకున్నదాన్ని పనికిచ్చే వేతనంగా వాళ్ళకే తిరిగివ్వండి. అది చాలదు, నిజమే. మొదలుపెట్టడానికి అడ్డం కూడా కాదు.

వచ్చే విద్యాసంవత్సరానికి మా కాలేజీ అడ్మిషన్ దరఖాస్తులో ఒక గడి చేర్చమని స్టాఫ్ కౌన్సిల్‌లో అడిగాను. ఇప్పుడు అందులో కులం, ఆదాయం, తండ్రి వృత్తి, బ్యాంకు ఖాతా అన్నిటికీ గడులున్నాయి. "మీరు పని చేస్తున్నారా, ఏ వేళల్లో?" అన్న గడి లేదు. అది ఉంటే ఏ సెక్షన్‌కు పొద్దున క్లాసులు వేయాలో, ముహూర్తాల వారాల్లో ఇంటర్నల్స్ పెట్టకుండా ఎలా సర్దాలో చూసుకోవచ్చు. కండోనేషన్‌కు జ్వరం సర్టిఫికెట్ బదులు యజమాని ఇచ్చిన పని చీటీ చూపినా తీసుకోవాలని విశ్వవిద్యాలయానికి రాద్దామని కూడా అడిగాను. గడికి ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకున్నారు. పని చీటీ విషయం అకడమిక్ కౌన్సిల్ తేల్చాలన్నారు. మీరు ఏ కాలేజీలో చదువు చెబుతున్నా మీ కౌన్సిల్‌లోనూ ఈ రెండూ అడగండి. ఒక్క కాలేజీ ఉత్తరాన్ని ఫైలులో పెట్టేస్తారు, పది కాలేజీలవి వెళ్తే ఎజెండాలోకి రాక తప్పదు.